మెదడుకు, ప్రోస్టేట్‌కు, ప్రేవుకు ఒకే కత్తెర

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు రామాపురంలో ఒక ఇంటిని ఊహించుకొందాము. ఇంటి పెద్దకు డెబ్బయ్యేళ్ళు. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేవవలసి వస్తున్నది. ధార సన్నబడినది. పోసిన తరువాత కూడ ఇంకా మిగిలి ఉన్నదనే భావన పోవడం లేదు. “వయసు మీదపడితే ఇంతే” అని సరిపెట్టుకొని, ఆయన ఏడాదిగా పల్లేరు కషాయం పుచ్చుకొంటున్నారు. పండుగకు హైదరాబాదు నుండి వచ్చిన మనుమడు ఎక్కడో చదివిన వార్త చెప్పినాడు: “తాతయ్యా! మెదడులోను, ప్రోస్టేట్ గ్రంథిలోను ఒకటే ఎంజైము ఉంటుందట. దానిని పట్టుకొని మందులు తయారుచేస్తున్నారట.”

తాతగారికి వెంటనే ఒక ఆలోచన తోచినది. “అయితే ఆ ఎంజైమును అణచే మూలిక ఏదో కనుక్కోరా. మతిమరుపుకూ, ఈ బాధకూ ఒకటే మందు అవుతుంది.” వంటింటిలో నుండి నాయనమ్మగారు మరొక సందేహం వెలిబుచ్చినారు. “ఆకుకూరలలోని సత్తువను వంటికి పట్టించేది కూడ అదేనంటున్నాడు. మరి మీ తాతయ్యకు తోటకూర పెట్టవచ్చునా, మానాలా?”

ఈ రెండు ప్రశ్నలూ చాలా ఇళ్ళలో తలెత్తగలవు. వీటికి సమాధానం తెలియవలెనంటే ఆ ఎంజైము చేసే పని ఏమిటో ముందు తెలుసుకోవాలి.

కత్తెర వంటి ఎంజైము

మన శరీరంలో జరిగే రసాయన క్రియలను వేగవంతం చేసే ప్రోటీనులే ఎంజైములు. వీటిలో కొన్ని అతికిస్తాయి, కొన్ని కత్తిరిస్తాయి. మనం చెప్పుకొంటున్నది కత్తిరించే జాతికి చెందినది. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు గ్లూటమేట్ కార్బాక్సిపెప్టిడేజ్-2. ఇది 750 అమైనో ఆమ్లాల గొలుసు. కణం పైపొరలో నాటుకొని, తన పనిచేసే భాగాన్ని కణానికి వెలుపల ఉంచుతుంది. రెండు గొలుసులు జతకూడినప్పుడే ఇది పనిచేస్తుంది. ఒక్కొక్క గొలుసులో కత్తెర అంచు వద్ద రెండేసి జింకు అణువులు ఉంటాయి. ఆయుర్వేదంలో యశదం అని పిలిచే లోహమే ఈ జింకు. ఎంజైము త్రిమితీయ నిర్మాణాన్ని 2005లో శాస్త్రజ్ఞులు చిత్రించగలిగినారు.

దీని పని ఒక్కటే. కొన్ని పదార్థాల తోకకు తగిలించి ఉన్న గ్లూటమేట్ అనే ముక్కను కత్తిరించి విడదీస్తుంది. అయితే ఈ ఒక్క పనికి శరీరంలోని ఒక్కొక్క చోట ఒక్కొక్క ఫలితం. ప్రేవులో అది పోషణ, మెదడులో సందేశ నియంత్రణ. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో అది రోగకణాన్ని పట్టి ఇచ్చే గుర్తు. వంటింటికి దగ్గరిది ప్రేవు కనుక అక్కడి నుండి ప్రారంభిద్దాము. ఆ కథలో మన తెలుగువాడు ఒకరు ఉన్నారు.

భీమవరం నుండి ఫోలిక్ ఆమ్లం దాకా

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో మరణించినారు. తిన్న ఆహారం వంటికి పట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్షీణించిపోయే జబ్బు ఇది. మన వైద్యులు గ్రహణి అని వర్ణించిన రోగానికి దీని లక్షణాలు చాలా దగ్గరగా ఉంటాయి. తరువాత సుబ్బారావుగారికీ అదే వ్యాధి సోకినది. మద్రాసులో సుప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన కోలుకొన్నారు. తదుపరి అక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం బోధించినారు. 1922లో అమెరికా వెళ్ళి హార్వర్డులో చేరినారు. 1940లో లెడర్లీ సంస్థకు మారినారు.

“ఫోలిక్” అనే పేరు ఆకు అనే అర్థం గల లాటిన్ పదం నుండి పుట్టినది. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు టన్నులకొద్దీ పాలకూర నుండి ఈ పదార్థాన్ని వేరుచేసి ఆ పేరు పెట్టినారు. సుబ్బారావుగారి నాయకత్వంలోని లెడర్లీ బృందం 1945లో దానిని ప్రయోగశాలలోనే తయారుచేయగలిగినది. అనతికాలంలోనే స్ప్రూ రోగుల రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం మందుగా ఉపయోగపడినది. తన సోదరులను బలిగొన్న జబ్బుపై పనిచేసే మందు ఆయన పరిశోధన పుణ్యమా అని లోకానికి లభించినది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకొనే మందులు కూడ ఆ సంస్థలోనే రూపొందినాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలలో తాత్కాలికంగా వ్యాధి తగ్గినట్లు చూపినారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసినారు.

లెడర్లీ బృందం మరొక సంగతి కూడ గమనించినది. ఈ విటమిను ఒకే రూపంలో ఉండదు. ఒక రూపానికి ఒక గ్లూటమేట్ ఉంటే, మరొక రూపానికి మూడు ఉన్నాయి. ఆకుకూరలలో, పప్పులలో సహజంగా ఉండే ఫోలేట్‌కు ఇటువంటి పొడవైన గ్లూటమేట్ తోకే ఎక్కువగా ఉంటుంది. ఆ తోకతో అది ప్రేవు గోడను దాటలేదు. తోకను కత్తిరించి ఒక్క గ్లూటమేట్ మాత్రం మిగిల్చినప్పుడే రక్తంలోనికి చేరుతుంది. చిన్నప్రేవు మొదటి భాగాలలో, ముఖ్యంగా జెజునంలో, ఆ తోకను కత్తిరించేది మనం చెప్పుకొంటున్న కత్తెరే. పందుల ప్రేవులోని ఈ ఎంజైము, ప్రోస్టేట్‌లోని ఎంజైము ఒకే కోవకు చెందినవని 1998లో తేలినది. నాయనమ్మగారు అన్న “ఆకుకూరల సత్తువ” సంగతి ఇదే.

ఒకే సంవత్సరం, రెండు దారులు

ఇక మెదడు, ప్రోస్టేట్‌ల సంగతి. 1987లో అమెరికాలో రెండు వేర్వేరు బృందాలు, ఒకదాని సంగతి మరొకదానికి తెలియకుండానే, ఇదే ఎంజైమును తాకినాయి. జోసెఫ్ కాయిల్ బృందం ఎలుకల మెదడులో ఎన్.ఏ.ఏ.జి. అనే చిన్న పదార్థాన్ని కత్తిరించే ఎంజైము ఒకటి ఉన్నదని ప్రకటించినది. హొరోషెవిజ్ అనే శాస్త్రజ్ఞుని బృందం ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలకు అంటుకొనే ఒక ప్రతిరక్షకాన్ని తయారుచేసినది. అది దేనికి అంటుకొంటున్నదో అప్పటికి తెలియదు.

1993లో న్యూయార్కు శాస్త్రజ్ఞులు ఆ ప్రతిరక్షకం పట్టుకొంటున్న ప్రోటీను జన్యువును వేరుచేసినారు. దానికి ప్రోస్టేట్ ప్రత్యేక పొర ప్రతిజనకం అనే అర్థం వచ్చేలా పేరుపెట్టినారు. దాని పొడి అక్షరాలే పి.ఎస్.ఎమ్.ఏ. మూడేళ్ళ తరువాత, 1996లో, రెండు దారులూ కలిసినాయి. ప్రోస్టేట్‌లోని ఈ ప్రోటీను, మెదడులోని ఆ కత్తెర ఒకటేనని కాయిల్ సహచరులు నిరూపించినారు. ఫోలేట్ తోకను కూడ అది కత్తిరిస్తుందని అదే ఏడాది మరొక బృందం చూపినది. పేరులో “ప్రోస్టేట్ ప్రత్యేక” అని ఉన్నా ఇది ప్రోస్టేట్‌కే పరిమితం కాదు. మెదడులో, చిన్నప్రేవులో, మూత్రపిండాలలో, లాలాజల గ్రంథులలో కూడ ఉన్నది. ఈ సంగతిని మరువరాదు. చికిత్సలోని లాభమూ, చిక్కూ రెండూ ఇందులోనే ఉన్నాయి.

మెదడులో: కత్తెరను ఆపాలనే ప్రయత్నం

నాడీకణాలు ఒకదానితో ఒకటి మాటలాడుకోవడానికి గ్లూటమేట్ ముఖ్యమైన సాధనం. కూరలో ఉప్పు వలె అది తగుమాత్రంగా ఉండాలి. పక్షవాతం వచ్చి మెదడులో ఒక భాగానికి రక్తం అందనప్పుడు గ్లూటమేట్ మితిమీరి వెలువడి నాడీకణాలనే చంపుతుంది. ఎన్.ఏ.ఏ.జి. ఆ ఉధృతిని కొంత అదుపులో ఉంచుతుంది. మన ఎంజైము దానిని కత్తిరించినప్పుడు రెండు నష్టాలు కలుగుతాయి. అదుపు చేసే పదార్థం తగ్గుతుంది, పైగా కొత్తగా గ్లూటమేట్ విడుదల అవుతుంది.

కాబట్టి కత్తెరను ఆపితే మెదడుకు మేలు కలుగుతుందని శాస్త్రజ్ఞులు భావించినారు. 1996లో 2-పి.ఎమ్.పి.ఏ. అనే శక్తిమంతమైన నిరోధకం తయారైనది. ఎలుకలలో పక్షవాతం వల్ల మెదడుకు కలిగే హానిని అది తగ్గించినట్లు 1999లో బార్బరా స్లషర్ బృందం ప్రకటించినది. తరువాత నరాల నొప్పి, జ్ఞాపకశక్తి క్షీణత వంటి సమస్యలపైనా జంతువులలో ప్రయోగాలు సాగినాయి.

అయినా మెదడు జబ్బులకు ఈ కోవలో మందు ఏదీ ఔషధ దుకాణానికి చేరలేదు. ముఖ్య కారణం, ఈ పదార్థాలకు నీటితో పొత్తు మెండు, కొవ్వుతో తక్కువ. మింగితే ప్రేవు నుండి సరిగా రక్తంలోనికి చేరవు. చేరిన కొద్దిపాటి కూడ మెదడుకు కాపలాగా ఉండే రక్తనాళాల గోడను దాటలేదు. ఎలుకలో కనిపించిన మేలు మనిషి దాకా రావడానికి ఎంత దూరం ఉన్నదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ప్రోస్టేట్‌లో: కత్తెరే చిరునామా

ప్రోస్టేట్ క్యాన్సర్ సంగతి వేరు. ఆ కణాల పైపొరపై ఈ ఎంజైము ఆరోగ్యవంతమైన కణాలపై కంటే ఎన్నో రెట్లు అధికంగా ఉంటుంది. ఎక్కువ శాతం రోగులలో ఇది కనిపిస్తుంది. వ్యాధి ముదిరిన కొలదీ సాధారణంగా పెరుగుతుంది. ఇక్కడ వైద్యుల ప్రధాన ఉద్దేశం కత్తెరను ఆపడం కాదు. దానిని చిరునామాగా వాడుకోవడం. ఎంజైముకు గట్టిగా అంటుకొనే చిన్న పదార్థానికి రేడియోధార్మిక అణువును కట్టి రక్తంలోనికి ఎక్కిస్తే, అది వెతుక్కొంటూ పోయి క్యాన్సర్ కణాలపై వాలుతుంది.

ఆశ్చర్యం ఏమంటే, ఈ అంటుకొనే పదార్థాల పుట్టుక మెదడు పరిశోధనలోనే జరిగినది. మెదడు కోసం ఎన్.ఏ.ఏ.జి.ని పోలిన నిరోధకాలను తయారుచేసే క్రమంలో అలెన్ కొజికోవ్‌స్కీ బృందం 2001లో యూరియా కోవకు చెందిన పదార్థాలను వెలువరించినది. మెదడులోనికి పోలేని ఆ కోవే ప్రోస్టేట్ రోగులకు అక్కరకు వచ్చినది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రజ్ఞులు వాటికి మరింత మెరుగు పెట్టినారు.

చిన్న మోతాదు గాలియం-68 కడితే అది చిత్రం తీయడానికి పనికివస్తుంది. శరీరంలో క్యాన్సర్ ఎక్కడెక్కడ పాకినదో ఈ స్కానింగులో వెలుగు చుక్కలుగా కనిపిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 డిసెంబరులో దీనికి అనుమతి ఇచ్చినది. కణాలను చంపగల ల్యుటీషియం-177 కడితే అదే చికిత్స అవుతుంది. ఇతర చికిత్సలకు లొంగక ముదిరిన రోగులు 831 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడినాయి. సాధారణ చికిత్స మాత్రమే పొందినవారి మధ్యస్థ జీవితకాలం 11.3 నెలలు కాగా, ల్యుటీషియం కూడ పొందినవారిది 15.3 నెలలు. ఆ ఆధారంపై 2022 మార్చిలో అమెరికాలో అనుమతి లభించినది. మన దేశంలోను పెద్ద ఆసుపత్రుల అణు వైద్య విభాగాలలో ఈ స్కానింగు, చికిత్స జరుగుతున్నాయి.

నాలుగు నెలలు అధికంగా బ్రతకడం చిన్న సంగతి కాదు. అయినా అది వ్యాధిని సమూలంగా నయం చేయడం కాదన్న నిజాన్ని దాచరాదు. లాలాజల గ్రంథులకు కూడ ఈ చిరునామాయే ఉన్నందున మందు అక్కడికీ చేరి, చాలమందికి నోరు ఎండిపోతుంది. అలసట, వాంతి భ్రమ కూడ కలుగవచ్చు.

తాతగారి ప్రశ్నకు సమాధానం

ఇప్పుడు “ఎంజైమును అణచే మూలిక” సంగతి చూద్దాము. మెదడు విషయంలో అణచాలి. అయితే అందుకు తగిన మందు ఇంకా మనుషుల వాడుకకు రాలేదు. ప్రోస్టేట్ విషయంలో అణచడం కాదు, గురిపెట్టి కొట్టడం ముఖ్యం. కనుక రెండు జబ్బులకూ ఒకటే మందు అన్న ఆశకు ఆధారం లేదు. ఈ ఎంజైము పేరు చెప్పి ఎవరైనా చూర్ణమో, మాత్రలో అమ్మజూపితే కొనవద్దు. ప్రయోగశాల గాజు పాత్రలో ఒక మూలిక రసం క్యాన్సర్ కణాలను తగ్గించినదన్న వార్త మనిషికి నయమైనదన్న వార్తతో సమానం కాదు.

ఇంతకూ తాతగారికి ఉన్నది క్యాన్సరే అని కూడ అనుకోనక్కరలేదు. వయసుతోపాటు ఈ గ్రంథి పెరగడం సర్వసాధారణం. అందులో అత్యధిక భాగం క్యాన్సర్ కాదు. సుశ్రుతుడు మూత్రాఘాతాలు పన్నెండని చెప్పి, వాటిలో వాతాష్ఠీలను చేర్చినాడు. మలమూత్ర మార్గాల నడుమ గుండ్రాయి వలె గట్టిగా ఎదిగి, మూత్రాన్ని అడ్డగించే గడ్డగా దానిని వర్ణించినాడు. గడ్డ గట్టిదనాన్ని అంత శ్రద్ధగా గమనించిన పూర్వుల వారసులమైన మనం, పరీక్ష చేయించకుండా ఏడాదిపాటు కషాయంతో సరిపెట్టుకోవడం వారి మార్గం అనిపించుకోదు. పల్లేరు కషాయం వాడదలచినవారు ముందు రోగం ఏదో తేల్చుకొని, వైద్యుని సలహాతోనే వాడాలి. మూత్రం కొంత సులువైనంత మాత్రాన లోపల క్యాన్సర్ లేదని అర్థం కాదు.

ఈ క్రింది సంగతులను ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి.

1. మూత్రంలో రక్తం, నడుములోనో ఎముకలలోనో విడువని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. మూత్రకోశ వైద్య నిపుణునికి చూపించాలి.

2. మూత్రం పూర్తిగా బంధించి పొత్తికడుపు ఉబ్బితే అది అత్యవసర పరిస్థితి. కషాయాలతో కాలం గడపక, ఆ రాత్రికే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

3. రక్తంలో చేసే పి.ఎస్.ఏ. పరీక్ష, మనం చెప్పుకొన్న పి.ఎస్.ఎమ్.ఏ. రెండూ వేరు వేరు పదార్థాలు. పి.ఎస్.ఏ. పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. వాపు వల్ల, గ్రంథి పెరగడం వల్ల కూడ పెరుగవచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షించిన తరువాతనే నిర్ధారణ.

4. జలుబుకని దుకాణంలో అడిగి తెచ్చుకొనే కొన్ని మాత్రలు గ్రంథి పెరిగినవారిలో మూత్రాన్ని బిగదీస్తాయి. వైద్యునికి చెప్పకుండా వాడరాదు.

5. పడుకొనబోయే ముందు రెండు గంటల పాటు నీరు, కాఫీ, టీలు తగ్గించాలి. పగటివేళ నీరు మానరాదు. వచ్చిన మూత్రాన్ని ఆపుకోరాదు. మూత్రవేగాన్ని నిరోధించడం రోగకారణమని ఆయుర్వేదం కూడ హెచ్చరించినది.

నాయనమ్మగారి ప్రశ్నకు సమాధానం

ఇక తోటకూర సంగతి. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలపై ఈ ఎంజైము ఫోలేట్ తోకను కత్తిరించినప్పుడు విడుదలయ్యే గ్లూటమేట్ ఆ కణాల పెరుగుదలకు తోడ్పడవచ్చునని 2018లో ఒక పరిశోధన సూచించినది. ఈ మాట విని ఆకుకూరలు మానివేయడం పొరపాటు.

ఆహారంలోని ఫోలేట్ వేరు, మాత్రలోని ఫోలిక్ ఆమ్లం వేరు. 643 మంది పురుషులపై అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2009లో వెలువడినాయి. రోజుకు 1 మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకొన్నవారిలో పదేళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ కనిపించే అవకాశం 9.7 శాతం కాగా, ఉత్తుత్తి మాత్ర వేసుకొన్నవారిలో 3.3 శాతం. అదే పరీక్షలో ఆహారం ద్వారా ఫోలేట్ పొందినవారిలో ఆ ముప్పు కనిపించలేదు. అటువంటి పరీక్షలను అనేకం కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణలో మాత్రల వలన కూడ స్పష్టమైన ముప్పు తేలలేదు. అంటే భయపడవలసినది లేదు గాని, అవసరం లేకుండా బలానికని విటమిను మాత్రలు మింగవలసిన పనీ లేదు. గర్భిణులకు, రక్తహీనత గలవారికి వైద్యుడు వ్రాసే ఫోలిక్ ఆమ్లం సంగతి వేరు. దానిని ఎట్టి పరిస్థితులలోను మానరాదు.

డెల్టాలో వరి కోసిన చేలలో పండే మినుము, పెసర ఫోలేట్‌కు మంచి నెలవులు. తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి, మునగాకు కూడ అంతే. ఫోలేట్ నీటిలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. కనుక ఆకును ముందు కడిగి, తరువాత తరగాలి. తక్కువ నీటిలో, మూతపెట్టి, కొద్దిసేపు మాత్రమే ఉడికించాలి. ఉడికిన నీటిని పారబోయక పప్పులోనో చారులోనో కలపాలి. ఉడికించిన కూరను పదే పదే వేడిచేయరాదు.

కనుక నాయనమ్మగారు నిశ్చింతగా తోటకూర పప్పు వండవచ్చు. తాతగారు మాత్రం భోజనం చేసి ఊరుకోక, మనుమడు ఊరిలో ఉండగానే అతనిని వెంటబెట్టుకొని పరీక్షకు వెళ్ళాలి. గ్రంథి పెరుగుదల మాత్రమే అయితే మందులతోనే ఉపశమనం దొరుకుతుంది. క్యాన్సరే అయినా గ్రంథి దాటక ముందే తెలిస్తే నయం చేసే అవకాశం ఎక్కువ. ల్యుటీషియం వంటి చికిత్సలు ఆ అవకాశం చేజారిన తరువాత అక్కరకు వచ్చేవి. వాటి దాకా పోనవసరం లేకుండా చూసుకోవడమే తెలివి.